ఫ్రాన్సిస్ డే

ఫ్రాన్సిస్ డే (1829 మార్చి 2 - 1889 జూలై 10) ఆంగ్లేయ సైనిక వైద్యుడు, మత్స్యశాస్త్రవేత్త. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా భారతదేశానికి వచ్చి, చేపల అధ్యయనంలో స్థిరపడి, భారతదేశంలోనూ బర్మాలోనూ చేపల పరిశ్రమకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశాడు. భారతదేశపు చేపలపై 1875-1878 మధ్య భాగాలుగా వెలువడిన ఆయన గ్రంథం ఈనాటికీ మత్స్యశాస్త్ర విద్యార్థులకు మొదటి ఆకరం. మూడు వందలకు పైగా చేప జాతులను కొత్తవిగా వర్ణించాడు. నీలగిరి వాగులలో ఇంగ్లండు ట్రౌట్ చేపను పెంచాలని తొలిసారి ప్రయత్నించి విఫలమైనది కూడా ఈయనే. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిన తరువాత అదే ట్రౌట్ మీద ఒక ప్రామాణిక గ్రంథం రచించాడు.

చల్లని నీరు లేనిదే క్షణం బ్రతకని ట్రౌట్, నీరే లేకపోయినా బురదలో ప్రాణం నిలుపుకొనే కొర్రమీను - డే పరిశోధనలలో ఈ రెండింటికీ చోటుంది. కరవు సీమగా పేరుపడిన అనంతపురం వంటి ప్రాంతాల పాఠకులకు ఆయన జీవితంలో ఆసక్తి కలిగించే అంశం ఇదే.

బాల్యం, విద్య

డే ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో మేర్స్‌ఫీల్డ్ గ్రామంలో కలిగిన కుటుంబంలో జన్మించాడు. ష్రూస్‌బరీ పాఠశాలలో చదివాడు. ఆ తరువాత లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో వైద్యం అభ్యసించి 1851లో శస్త్రవైద్యుడిగా పట్టా పొందాడు. మరుసటి సంవత్సరమే, అంటే 1852లో, ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో అసిస్టెంటు సర్జనుగా చేరాడు. రెండవ బర్మా యుద్ధంలో పనిచేశాడు.

ఆ కాలంలో కంపెనీ వైద్యులలో చాలామందికి ప్రకృతి పరిశీలన ఒక వ్యాపకంగా ఉండేది. సైనిక పటాలంతో ఊరూరా తిరగడం, రోగులు తక్కువగా ఉన్న రోజులలో తీరిక దొరకడం, శవపరీక్షలో అలవడిన చేతివాటం - ఇవన్నీ మొక్కలనూ జంతువులనూ సేకరించి వర్ణించడానికి పనికివచ్చాయి. తెలుగు నేలపై ఈ సంప్రదాయం డే కంటే చాలా ముందే మొదలైంది. కంపెనీ ఉద్యోగంలో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను, వర్ణనలను 1803లో లండనులో ప్రచురించాడు. అందులో చేపలకు స్థానికుల నోట విన్న తెలుగు పేర్లనే వాడాడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1849లో దక్షిణ భారతదేశపు మంచినీటి చేపలపై ఒక వ్యాసం రాశాడు. జెర్డాన్‌కు పక్షులపై ఉన్నంత శ్రద్ధ చేపలపై లేదు. ఆయన వదిలిన చోట డే అందుకున్నాడని చెప్పవచ్చు.

కొచ్చిన్‌లో

1859 నుండి 1864 వరకు డే కొచ్చిన్‌లో ఉన్నాడు. చేపల మీద ఆయన శ్రద్ధ స్థిరపడింది ఇక్కడే. ఒకవైపు సముద్రం, మరొకవైపు ఉప్పుటేర్లు, కొండల మీది నుండి దిగివచ్చే మంచినీటి ఏర్లు - మూడు రకాల చేపలూ ఒకే సంతలో దొరికే ఊరది. 1863లో కొచ్చిన్ చరిత్ర, జనజీవనాలను వివరించే పుస్తకాన్ని, 1865లో మలబారు చేపలపై తన మొదటి మత్స్యశాస్త్ర గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ రోజులలో మద్రాసు గవర్నరుగా ఉన్న విలియం డెనిసన్ పేరు మీదుగా ఒక చిన్న చేపకు డెనిసోనీ అని నామకరణం చేశాడు. ఎర్రని గీత గల ఈ చేపను నేడు అలంకార చేపల వ్యాపారులు మిస్ కేరళ అంటారు. అద్దాల తొట్లకోసం దీనిని విచ్చలవిడిగా పట్టడం వల్ల దాని సంఖ్య తగ్గిపోయి, ఇరవై ఒకటవ శతాబ్దంలో అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది.

1864లో అనారోగ్యం కారణంగా సెలవుపై ఇంగ్లండు వెళ్ళి, 1866లో తిరిగివచ్చాడు.

నీలగిరిలో ట్రౌట్ ప్రయత్నం

దక్షిణాదిలో ఉద్యోగం చేసే ఆంగ్లేయులకు నీలగిరి కొండలు స్వదేశాన్ని తలపించేవి. చలి, మంచు, గడ్డి మైదానాలు, వాటి మధ్య సన్నని వాగులు అన్నీ ఉన్నాయి. వాగులలో గాలానికి తగిన చేప మాత్రం లేదు. ఉన్నవి వేలెడంత చేపలు. ఆ లోటు తీర్చడానికి ఇంగ్లండు నుండి బ్రౌన్ ట్రౌట్ తెచ్చి వదలాలని 1860ల దశకంలో డే పూనుకున్నాడు. భారతదేశంలో ట్రౌట్ పెంపకానికి ఇదే తొలి ప్రయత్నంగా పేర్కొంటారు. అది ఫలించలేదు.

విఫలం కావడంలో వింత లేదు. ట్రౌట్ గుడ్లు పొదగడానికి నెలలు పడుతుంది. అంతకాలమూ అవి దాదాపు మంచు చల్లదనంలో, కదలకుండా, గాలి ఆడుతూ ఉండాలి. సూయజ్ కాలువ 1869లో గాని తెరుచుకోలేదు. అంతకు ముందు ఓడ మీద వచ్చిన సరకు ఈజిప్టులో భూమార్గం పట్టి, మళ్ళీ ఎర్ర సముద్రంలో ఓడ ఎక్కి, మద్రాసు రేవులో దిగి, ఎండలో మైదానం దాటి కొండ ఎక్కాలి. ఆఫ్రికాను చుట్టివచ్చే దారిలో అయితే రెండుసార్లు ఉష్ణమండలం దాటాలి. అయినా ఇది అసాధ్యమేమీ కాదని 1864లోనే తేలింది. జేమ్స్ యూల్ అనే ఆయన గుడ్లను తడి నాచులో పొదిగి, మంచు గదిలో ఉంచి, నార్ఫోక్ అనే ఓడలో టాస్మేనియాకు చేర్చగలిగాడు. ఓడ నిండా మంచు, దానికి తగిన డబ్బు, గమ్యంలో చల్లని నీరు ఉంటే గాని ఈ పని జరగదు. డేకు ఆ సౌకర్యాలు అందుబాటులో లేవు.

నీలగిరిలో ట్రౌట్ నిలదొక్కుకున్నది డే మరణించిన చాలా ఏళ్ళకు. ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశకంలో మద్రాసు ప్రభుత్వ మత్స్య నిపుణుడు హెచ్.సి. విల్సన్ అవలాంచి వద్ద పొదిగే కేంద్రం ఏర్పాటు చేసి, బ్రౌన్ ట్రౌట్‌కు బదులు రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచాడు. ఇది కాస్త ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది. అటు కాశ్మీరులో 1900లో స్కాట్లాండు నుండి వచ్చిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు బ్రతికాయి. దానికి ముందు సంవత్సరం పంపినవి దారిలోనే చెడిపోయాయి.

ఆనకట్టలు, పులస

భారతదేశానికి తిరిగివచ్చిన డేకు మద్రాసు ప్రభుత్వం ఒక ముఖ్యమైన విచారణ అప్పగించింది. నదులపై కొత్తగా కట్టిన ఆనకట్టల వల్ల చేపలకు నష్టం జరుగుతున్నదా అన్నది ప్రశ్న. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కరవులతో, వరదలతో నలిగిన డెల్టా ప్రాంతాలకు అవి ప్రాణం పోశాయి. అయితే సముద్రం నుండి ఏరు ఎక్కివచ్చి గుడ్లు పెట్టే హిల్సా చేపకు, అంటే తెలుగువారి పులసకు, అవి అడ్డుగోడలయ్యాయి. కావేరి పాయ అయిన కొళ్ళిడం మీది ఆనకట్ట వద్ద కూడా ఇదే పరిస్థితి.

వరద కాలంలో ఎదురీది వచ్చిన పులసలు గోడ దాటలేక దాని కింద గుంపులుగా ఆగిపోయేవి. అలా ఆగిన చేపలను అక్కడే వలలతో పట్టేవారు. గుడ్లు పెట్టక ముందే తల్లి చేప పోతే, ఆ మరుసటి ఏళ్ళలో పట్టడానికి చేపలు ఎక్కడి నుండి వస్తాయన్నది డే వేసిన లెక్క. ఆనకట్టలలో చేపలు ఎక్కడానికి వీలుగా మార్గాలు వదలాలని, ఆనకట్టకు దగ్గరలో వేట నిషేధించాలని ఆయన సూచించాడు. ఇంగ్లండులో సాల్మన్ చేపల కోసం ఇటువంటి మెట్ల దారులు అప్పటికే ఉన్నాయి. కాని సాల్మన్ ఎగిరి దూకగలదు, పులస అలా దూకదు. సాల్మనుకు కట్టిన మెట్లు దీనికి సరిపోవు. భారతదేశపు నదులపై తరువాతి కాలంలో కట్టిన చేప దారులు ఎక్కువగా నిరుపయోగం కావడానికి ఇది ఒక కారణం.

నేడు గోదావరి పులస ధర వేలలో పలుకుతుంది. ఆ చేప ఎందుకు అరుదైందన్న చర్చ మొదలై నూట యాభై ఏళ్ళు దాటిందన్న సంగతి కొనేవారిలో చాలామందికి తెలియదు.

చేపల ఇన్‌స్పెక్టర్ జనరల్

1871లో భారత ప్రభుత్వం డేను భారతదేశానికీ బర్మాకూ చేపల పరిశ్రమ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించింది. సింధు నుండి బర్మా వరకు, అండమాను దీవుల దాకా ఆయన తిరిగాడు. 1873లో రెండు నివేదికలు వెలువడ్డాయి. ఒకటి మంచినీటి చేపల గురించి, రెండవది సముద్రపు చేపల గురించి. మంచినీటి నివేదికలో ఆయన సొంత పరిశీలనలతో పాటు వివిధ జిల్లాల కలెక్టర్లు, తహసీల్దారులు పంపిన సమాధానాలు కూడా ఉన్నాయి. వలల కన్నుల పరిమాణం ఎంత, చిన్న పిల్లలను పడుతున్నారా, నీటిలో విషం కలుపుతున్నారా, చేపలు మునుపటి కంటే తగ్గాయా, జనంలో చేపలు తినేవారెందరు - ప్రశ్నలు ఈ తీరులో ఉండేవి. వలల సంగతి, చేపల సంగతి జిల్లా కచేరీల నుండి ఇంత విస్తృతంగా రాబట్టడం అంతకు ముందు జరగలేదు. ఆనాటి పల్లె జీవితం గురించి తెలుసుకోగోరే చరిత్రకారులకు ఇవి మంచి ఆధారాలు.

డే తేల్చిన విషయం స్పష్టమైనది. వానాకాలంలో వరిపొలాలకు, పిల్ల కాలువలకు ఎక్కివచ్చే చేప పిల్లలను దోమతెర వంటి సన్నని వలలతో, వెదురు బుట్టలతో, మావులతో ఊడ్చివేస్తున్నారని, కొన్నిచోట్ల చెట్ల కాయలతో, పాలతో నీటిని విషపూరితం చేస్తున్నారని, దీనివల్ల పెద్ద నదుల చేప సంపద తరిగిపోతున్నదని ఆయన వాదించాడు. వల కన్నుకు కనీస పరిమాణం విధించాలని, విషప్రయోగం నిషేధించాలని కోరాడు.

ఈ సూచనలకు వెంటనే చట్టరూపం రాలేదు. పేదవాడు తన కూరకు పట్టుకునే నాలుగు పరిగెల మీద సర్కారు ఆంక్ష పెట్టడం సమంజసమా అని అధికారులలోనే కొందరు వెనుకాడారు. వారి సందేహం కొట్టివేయదగినది కాదు. ఏడాది పొడుగునా పారే నది ఒకటి, మాఘం దాటితే ఎండిపోయే చెరువు మరొకటి. అనంతపురం మండలంలో ఎక్కువ చెరువులు రెండవ రకానివి. అటువంటి చెరువులో మిగిలిన చేపను పట్టకుండా వదిలినా అది కొంగల పాలో ఎండ పాలో కావలసిందే. అక్కడ ఊరంతా కలిసి ఊతలతో, విసురువలలతో చెరువు దులపడం నష్టం కాదు, చేతికందిన పంట. నదికి రాసిన నియమం చెరువుకు అతకదన్నది ఆ వివాదంలోని అసలు చిక్కు.

చివరకు 1897లో, డే మరణించిన ఎనిమిదేళ్ళకు, భారత చేపల చట్టం వచ్చింది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు చంపడాన్ని అది నేరం చేసింది. వలల పరిమాణం వంటివి నిర్ణయించే అధికారాన్ని ఆయా రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలిపెట్టింది.

నీరు లేని చోట చేపలు

డే రచనలలో రాయలసీమ పాఠకులను ప్రత్యేకంగా ఆకర్షించేది ఆసియాలోని ఉభయచర చేపల గురించి, వలసపోయే చేపల గురించి లండనులోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో 1870ల చివర ప్రచురించిన వ్యాసం.

అనంతపురం జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. డే దక్షిణాదిలో ఉన్నంతకాలం ఆ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. పడమటి కనుమల వెనుక వాననీడలో ఉండడం వల్ల నైరుతి వానలు తక్కువ, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య వానలూ తక్కువ. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. పెన్న, చిత్రావతి ఏడాదిలో చాలా భాగం ఇసుక బాటలు. ధర్మవరం, బుక్కపట్నం, శింగనమల వంటి పెద్ద చెరువులు నిండిన సంవత్సరాలను జనం లెక్కపెట్టుకొని చెప్పుకుంటారు. డే ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న రోజులలోనే, 1876-1878 మధ్య, ఈ సీమను ధాతు కరవు కబళించింది.

ఇటువంటి చోట మూడేళ్ళు ఎండిన చెరువు ఒక్క వానకు నిండగానే అందులో చేపలు ఎలా ప్రత్యక్షమవుతాయి? ఆకాశం నుండి వానతో పాటు చేపలు పడ్డాయని చెప్పుకోవడం చాలా ఊళ్ళలో ఉంది. దీనికి సమాధానం చేప శరీరంలోనే ఉంది. కొర్రమీను, దాని జాతి చేపలు మొప్పలతో మాత్రమే ఊపిరి తీసుకోవు. వాటి తలలో మొప్పల పైన ఒక గది ఉంటుంది. నీటి పైకి వచ్చి నోటితో గాలి మింగి ఆ గదిలో నింపుకుంటాయి. ఈ గాలి వాటికి ఎంత అవసరమంటే, నీటి పైకి రాకుండా అడ్డుకుంటే అవి నీటిలోనే ఊపిరాడక చస్తాయి. మార్పు, ఇంగిలాయి వంటి మీసాల చేపలకు, చెట్టెక్కే చేపగా పేరుపొందిన అనబాస్‌కు కూడా ఇటువంటి ఏర్పాట్లున్నాయి. చెరువు ఇంకిపోయేటప్పుడు ఇవి బురదలోకి దూరి, పైపొర పగుళ్ళు వారినా కింద తడి ఉన్నంతకాలం ప్రాణంతో ఉంటాయి. కొన్ని తడి గడ్డి మీద పాకుతూ మరొక గుంట చేరుకుంటాయి. తడి పూర్తిగా ఆరిపోతే ఇవి కూడా బ్రతకవు. అయినా వాన రాగానే కాలువల వెంట ఎదురెక్కివచ్చే పిల్లలు, అలుగుల నుండి జారివచ్చేవి, పై చెరువు నుండి కింది చెరువుకు చేరేవి కలిసి కొత్త నీటిని నింపుతాయి. రాయలసీమలో చెరువులు గొలుసుకట్టుగా ఉండడం చేపలకూ కలిసివచ్చింది.

చేప అంటే నీటిలోనే ఊపిరి తీసుకునేదన్న ఐరోపా పాఠ్యపుస్తక నిర్వచనానికి ఈ చేపలు ఎదురు నిలిచాయి. గాలి పీల్చే చేపలను ఇంత శ్రద్ధగా పరిశీలించిన తొలి వైద్యులలో డే ఒకడు. సంతలో కొర్రమీనును బుట్టలో తడిగుడ్డ కింద ప్రాణంతో అమ్మడం తెలిసిన మన బెస్తవారికి ఇందులో కొత్త లేదు.

గాలం, ఎర, ఈకల ఈగ

ఆ తరం ఆంగ్లేయులలో చేపల శాస్త్రానికీ చేపల వేటకూ నడుమ గోడ లేదు. డే తన బ్రిటిష్ గ్రంథాలలో ప్రతి ముఖ్య జాతి కింద అది పెరిగే తీరు, గుడ్లు పెట్టే కాలం, రుచి చెప్పడంతో పాటు దేనితో పట్టాలి, ఏ ఎర వేయాలి అన్నదీ చేర్చాడు.

ట్రౌట్ వేటలో ఎర నిజమైన పురుగు కాదు. చిన్న కొక్కేనికి పక్షి ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి ఈగను పోలిన బొమ్మ తయారుచేస్తారు. దానిని నీటిపై తేలేటట్టు విసిరితే చేప నిజమైన పురుగనుకొని అందుకుంటుంది. ఆ వారం ఆ ఏటిలో ఏ పురుగు రెక్కలు తొడిగి లేస్తున్నదో గమనించి దానికి సరిపోయే ఈగను ఎంచుకోవడమే ఈ వేటలో నేర్పు. శరదృతువులో ఈ ఎంపిక కష్టమవుతుంది. ఏటి పురుగులు తగ్గి, ఉన్నవి చిన్నవై, లేత రంగులో ఉంటాయి. నీరు తేటగా, పలుచగా ఉన్నప్పుడు సన్నని ఈగలు కావాలి. గట్టు గడ్డిలో నుండి గాలికి కొట్టుకొచ్చి పడే పొడవు కాళ్ళ పురుగులను పోలిన పెద్ద ఈగలు కూడా అప్పుడే పనిచేస్తాయి. వాన పడి నీరు మసకబారితే ముదురు రంగువి, కాస్త పెద్దవి వాడతారు. అక్టోబరు నుండి జనవరి వరకు ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. కాబట్టి శరత్తు సగంలోనే వేట ఆపవలసి ఉంటుంది. తల్లి చేపను వదలాలన్న నియమం డే గోదావరి పులసకు కోరినదే.

ఈ అలవాటుతో భారతదేశానికి వచ్చినవారికి ఇక్కడి చేపలు వేరే పాఠం నేర్పాయి. దక్షిణ కన్నడ జిల్లా కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో మంగళూరు నుండి భారతదేశపు గాలం వేటపై ఒక గ్రంథం ప్రచురించాడు. నదులు దగ్గరలో లేని మైదాన ప్రాంతాలవారి కోసం చెరువులలో గాలం వేయడం గురించి 1887లో మరొక పుస్తకం రాశాడు. డేకు ఈయన మిత్రుడు. దక్షిణ కన్నడ నుండి వచ్చిన రెండు చేప జాతులకు డే 1874లో, 1877లో థామస్ పేరే పెట్టాడు. మన నదులలోని మహసీర్ పెద్దదైన కొద్దీ ఈగ కంటే చిన్న చేపను, దానిలా తళతళలాడే లోహపు చెంచాను ఇష్టపడుతుంది. ఒడ్డున అత్తిచెట్టు ఉంటే రాలిపడే పండును కూడా మింగుతుంది. కొండ వాగులలో చుక్కలు, చారలు గల బారిలియస్ జాతి చేపలు మాత్రం ఎగిరే పురుగులను అందుకుంటాయి. ఆంగ్లేయులు వాటినే ముచ్చటపడి ఇండియా ట్రౌట్ అన్నారు. నిజానికి అవి ట్రౌట్‌కు ఏ చుట్టరికమూ లేని పరిగె వర్గపు చేపలు. తొలకరి సాయంత్రం ఉసిళ్ళు లేచి చెరువు మీద రాలినప్పుడు నీరు ఉడికినట్టు కదలడం చూసినవారికి చేప ఈగను ఎందుకు నమ్ముతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో మరొక విశేషముంది. ఇంగ్లండు, స్కాట్లాండులలో కట్టిన ఈగలకు, ముఖ్యంగా సాల్మన్ ఈగలకు, ఎంతో విలువైన ఈక దక్షిణ భారతదేశపు అడవికోడి మెడ మీదిది. ఆ ఈకకు మైనపు చుక్క వంటి మెరుపు ఉంటుంది. ట్రౌట్ ఇక్కడికి రావడానికి ఎంతో కష్టపడవలసి వచ్చింది గాని, దానిని మోసగించే ఈకలు మాత్రం ఇక్కడి నుండి సులభంగానే వెళ్ళాయి.

భారతదేశపు చేపలు

డే పేరు నిలబెట్టిన గ్రంథం 1875 నుండి 1878 వరకు లండనులో భాగాలుగా వెలువడింది. 1888లో అనుబంధం వచ్చింది. భారతదేశం, బర్మా, సింహళాలలోని సముద్రపు, మంచినీటి చేపలన్నిటినీ ఒకచోట చేర్చిన మొదటి గ్రంథమిది. దాదాపు రెండు వందల చిత్రఫలకాలున్నాయి. పొలుసుల వరుసలు, రెక్కలలోని ముళ్ళు లెక్కపెట్టుకోగలిగినంత స్పష్టంగా ఉంటాయి. ప్రతి చేప కింద తెలిసినంత మేరకు తెలుగు, తమిళం, మలయాళం, హిందుస్తానీ వంటి భాషల పేర్లు ఇచ్చాడు. ఆంగ్ల లిపిలో విన్నది విన్నట్టు రాసినందువల్ల కొన్ని తెలుగు పేర్లను పోల్చుకోవడానికి శ్రమపడాలి. ఐనా మన చేపల పేర్లు సేకరించేవారికి రస్సెల్ తరువాత ఇదే ముఖ్యమైన ఆధారం.

ఇదే విషయాన్ని కుదించి బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో రెండు సంపుటాలుగా రాశాడు. అవి ఆయన మరణించిన 1889లోనే వెలువడ్డాయి. వాటిలో సుమారు 1,400 జాతుల వర్ణన ఉంది.

గుంథర్‌తో వివాదం

బ్రిటిష్ మ్యూజియంలో చేపల విభాగాన్ని ఏలిన ఆల్బర్ట్ గుంథర్‌తో డేకు పడేది కాదు. గుంథర్ సీసాలలో నిలువచేసిన నమూనాలను చూసి జాతులు నిర్ణయించేవాడు. డే ఏటి ఒడ్డున బ్రతికి ఉన్న చేపను చూసినవాడు. ఒకరి నిర్ణయాలను మరొకరు పత్రికలలో ఖండించుకున్నారు. ఈ వైరం ఎంతదాకా పోయిందంటే, డే తన భారతీయ చేపల సేకరణలో పెద్ద భాగాన్ని 1883లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ మ్యూజియానికి అమ్మివేశాడు. ఆ ఏడు లండనులో జరిగిన అంతర్జాతీయ చేపల ప్రదర్శనలో భారతదేశం తరఫున కమీషనరుగా డే పనిచేశాడు. అక్కడ ఉంచిన నమూనాలను సిడ్నీ మ్యూజియం అధికారి రామ్సే కొనుగోలు చేశాడు. వ్యక్తిగత కక్షకు శాస్త్రం చెల్లించిన మూల్యంగా దీనిని చూడవచ్చు. తరువాతి పరిశోధకులు ఒక భారతీయ చేప మూల నమూనా చూడడానికి కలకత్తా, లండను, సిడ్నీలలో వెదకవలసి వచ్చింది.

మళ్ళీ ట్రౌట్ వైపు

డే 1877 నాటికి డిప్యూటీ సర్జన్ జనరల్ హోదాలో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో స్థిరపడ్డాడు. 1880-1884 మధ్య బ్రిటన్, ఐర్లండుల చేపలపై, 1887లో ఆ దేశాల సాల్మన్ కుటుంబపు చేపలపై గ్రంథాలు ప్రచురించాడు.

గుంథర్ బ్రిటన్‌లోని ట్రౌట్‌ను అనేక జాతులుగా విభజించాడు. ఒక్కొక్క సరస్సుకు ఒక్కొక్క జాతి అన్నంత దూరం వెళ్ళింది ఆ విభజన. డే దీనిని అంగీకరించలేదు. రంగు, చుక్కలు, తల పొడవు, మాంసపు ఎరుపు అన్నీ తిండిని బట్టి, నీటిని బట్టి మారుతాయని, సముద్రానికి వెళ్ళివచ్చేదీ ఏటిలోనే ఉండిపోయేదీ ఒకే జాతి అని ఆయన వాదం. స్కాట్లాండులో స్టర్లింగ్ సమీపాన సర్ జేమ్స్ మైట్లాండ్ స్థాపించిన హోవీటౌన్ చేపల క్షేత్రంలో ఆయన ట్రౌట్, సాల్మన్, చార్ చేపలను సంకరపరిచి, పిల్లలను ఏళ్ళ తరబడి గమనించాడు. ఒక సరస్సు జాతి పిల్లలను వేరే ఏటిలో వదిలితే అక్కడి చేపల రూపమే వస్తుందని చూపాడు. బ్రిటన్ ట్రౌట్ విషయంలో తరువాతి శాస్త్రవేత్తలు మొత్తం మీద డే పక్షమే వహించారు. అయితే కొన్ని సరస్సులలోని ట్రౌట్ వర్గాలు వేరుగా సంతానం పొందుతున్నాయని జన్యు పరీక్షలలో తేలడం వల్ల చర్చ ఇంకా ముగియలేదు.

భారతదేశంలో ఒకే చేప నదిలో ఒక రంగులో, బురద చెరువులో మరొక రంగులో ఉండడం పాతికేళ్ళు చూసిన కన్నుకు ఈ సంగతి తట్టడం సహజమనిపిస్తుంది.

చివరి రోజులు

డే రెండుసార్లు వివాహం చేసుకున్నాడు. మొదటి భార్య 1869లోను, రెండవ భార్య పెళ్ళయిన మరుసటి ఏడే 1873లోను మరణించారు. భారత మత్స్య నివేదికలు వెలువడిన సంవత్సరమే ఆయన రెండవసారి ఒంటరివాడయ్యాడు. 1885లో బ్రిటిష్ ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదు ఇచ్చింది. 1889లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. అప్పటికే ఆయన కడుపు కాన్సరుతో బాధపడుతున్నాడు. అదే సంవత్సరం జూలై 10న చెల్టెన్‌హామ్‌లోని స్వగృహంలో మరణించాడు.

ఆయన పేరు గల చేపలలో కేరళ ప్రాంతపు మంచినీటి చేపలు రెండు ముఖ్యమైనవి. బ్లీకర్ 1874లో పేరు పెట్టిన పారంబాసిస్ డేయి ఒకటి, 1908లో కోలర్ పేరు పెట్టిన స్యూడోస్ఫ్రోమెనస్ డేయి మరొకటి. రెండవది గాలి పీల్చే చేపల వర్గానికి చెందినది.